బీడీకట్ట ఉండే జేబు

కాశిబుగ్గ,
శుక్రవారం.

అమ్మీకి ఇజాజ్ సలాం. ఫోన్ చేస్తే నా మాటకన్నా ముందు దగ్గు విని ఏడుస్తున్నావని కార్డు రాస్తున్నాను.

రంజాన్ మొదటి వారంలో ఒకరోజు ఇఫ్తార్‌కు ఖర్జూరం కూడా ముట్టకుండా బీడీ వెలిగించాను. నీ కోడలు అఫ్సానా చూసి, "పొద్దంతా అల్లా కోసం ఆగినవ్ గదా. ఇగ పండుకునేదాంక జర మా కోసం ఆగలేవా?" అన్నది. బీడీ అక్కడే ఆర్పేశాను. నేటికి నలభై ఒక్క రోజులు.

మొదట్లో ధ్యాస నిలవక మగ్గం మీద పోగులు తెంపాను, ఉత్తపుణ్యానికి అఫ్సానా మీద అరిచాను. దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "ఇంకా చెయ్యి దాటలే" అని, బీడీ యావ తగ్గడానికి నమిలే గోళీలు ఇచ్చింది. దగ్గు మెల్లగా పోతుందట, ఫికర్ పెట్టుకోకు.

ఎవరైనా ఇటు వస్తే ఎండు ఉసిరి ముక్కలు పంపు, నోరు ఊరికే ఉండటం లేదు. మేక ఈనిందా? నీ కంట్లో వేసుకునే మందు ఉందా, అయిపోయిందా? చిన్నమ్మకు సలాం చెప్పు. నమాజులో నన్ను మరువకు.

ఈ కార్డును రాయకముందు రెండు రోజులు, ఇదివరకు నా బీడీకట్ట ఉండే జేబులోనే పెట్టుకుని తిరిగాను. బీడీ వాసన వస్తుందేమో ఒక్కసారి చూడు అమ్మీ.

ఇజాజ్