పెద్దమ్మ ఇంటి మోటారు, నా గ్రైండరు

బాపూ,

నీ కాళ్లకు, అమ్మ కాళ్లకు మొక్కి స్వరూప రాస్తున్నాను. మెదక్‌లో మేమిద్దరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? చేనుకు మందు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నావా? పక్కన ఎవరున్నా ఫోన్‌లో నాకు మాట రాదని నీకు తెలుసు. అందుకే కాగితం పట్టుకున్నాను.

ఇక్కడ ఎండలు ముదిరాయి. తిండికి లోటు లేదు, రంది పడకు. రోజూ మధ్యాహ్నం గ్రైండర్‌లో పిండి రుబ్బుతాను. పొద్దున్నే నీ అల్లుడు బస్టాండ్ దగ్గర ఇడ్లీ బండి పెడతారు. ఆయన పోయాక మాట్లాడే మనిషి ఉండదు, అంతే.

మేం కిరాయికి ఉండేది మేడ మీద గదిలో. కింద ఇంటావిడ ఉంటుంది, పెద్దమ్మా అని పిలుస్తాను. పోయిన వారం ఆమె బోరు మోటారు నీళ్లు ఎక్కించడం మానేసింది. పెద్దమ్మ మెట్ల కింద నుంచే అరిచింది.

"ఏం పిల్లా, నీ గ్రైండరే కరెంటంత గుంజుతుంది! దాన్ని బంద్ పెట్టు, లేకుంటే వేరే ఇల్లు చూసుకోండ్రి!"

గ్రైండర్ లేకపోతే బండి లేదు. నీ అల్లుడేమో "ఊకో, ఇల్లుగల్లోల్లతోని లొల్లి వద్దు" అన్నారు. నేనూ గ్రైండర్ బంద్ పెట్టాను. రెండు రోజులు పక్కింటి రుబ్బురోట్లో రుబ్బాను. చేతులు బొబ్బలెక్కాయి. ఇప్పుడు మానాయి, నిజంగానే మానాయి.

మూడో రోజు పెరట్లో బట్టలు పిండుతుంటే పెద్దమ్మ మళ్లీ మోటారు స్విచ్ వేసింది. అది గుయ్యిమంటోంది కానీ తిరగడం లేదు. ఆ చప్పుడు నాకు తెలుసు బాపూ. చేను మోటారుకు మూడు ఫేజుల కరెంటులో ఒకటి రాకపోయినా, ఇంటి మోటారును తిరగనిచ్చే కండెన్సర్ పోయినా ఇలాగే మూలుగుతుందని, వెంటనే ఆపకపోతే వైండింగ్ కాలుతుందని నువ్వే నేర్పావు. పెద్దమ్మ మాత్రం అలాగే చూస్తూ నిలబడింది.

"బంద్ చెయ్యుండ్రి పెద్దమ్మా! కాలిపోతది!" అని అరిచేశాను.

ఆమె చటుక్కున ఆపింది. "ఇన్నొద్దులు నోట్లె నాలుకే లేదనుకున్న. గింత గొంతు యాడ దాచినవే?"

"నా గ్రైండరు రెండొద్దుల సంది బందే ఉంది. గా మోటరు కండెన్సర్ పోయినట్టుంది. మెకానిక్‌ను పిలువుండ్రి" అన్నాను. ఈసారి మాట ఆగలేదు.

మెకానిక్ ఉబ్బిపోయిన కండెన్సర్ తీసి పెద్దమ్మ చేతిలో పెట్టాడు. "ఇంకో రెండుసార్లు ఏస్తే మోటరే కాలిపోతుండె అమ్మా" అన్నాడు. కొత్తది వేయగానే నీళ్లు ఎక్కాయి.

"నీ గ్రైండరు నడుపుకో. గని మోటరు నడిచేటప్పుడు వద్దు, నాకు భయమైతది" అంది పెద్దమ్మ. సరే అన్నాను. ఆమె ఇస్త్రీపెట్టె తినేంత కరెంటు కూడా నా గ్రైండరు తినదని చెబుదామనుకున్నాను. ఒక్క రోజుకు అన్ని మాటలు చాలనిపించింది.

ఇల్లు మారతామని అమ్మతో అన్నాను కదా, ఇక మారం. మన ఊరు శివ్వంపేట నుంచి ఎవరైనా ఇటు వస్తుంటే మన మినుములు కొన్ని పంపు. నానమ్మకు దండాలు చెప్పు. మీరంతా మమ్మల్ని చల్లగా ఉండమని అనుకోండి, నాకదే చాలు.

నిన్న పెద్దమ్మ నన్ను కిందికి పిలిచి, వాషింగ్ మెషిన్ చప్పుడు వినమంది. మంచిగానే తిరుగుతోంది. ఆ మాట వీధిలోకి వినిపించేంత గట్టిగా చెప్పాను.

నీ బిడ్డ,
స్వరూప