డోలక్ పరుగు

పెదనాన్నా,

ఇవాళ మీ జ్ఞాపకార్థ కూటం జరిగింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. చుట్టాలంతా భోజనాలు చేసి వెళ్ళాక పెద్దమ్మకు నా ఆల్బమ్ వినిపించాను.

నేనొక్కడినే గదిలో కూర్చుని కంప్యూటర్లో చేసుకున్న ఆల్బమ్ అది. అందులో ఆఫ్రికా డప్పులున్నాయి, టర్కీ పిల్లనగ్రోవి ఉంది. ఒక ట్రాక్‌లో మీ డోలక్ కూడా ఉంది. మన మందిరంలో క్రిస్మస్ ఆరాధనప్పుడు నా ఫోన్‌లో రికార్డు చేసింది. చివరి చరణానికి వచ్చేసరికి మీ చెయ్యి ఆగేది కాదు కదా! పాడేవాళ్ళు మీ వెనక పరిగెత్తాల్సి వచ్చేది. ఆడవాళ్ళ చాప మీద నుంచి పెద్దమ్మ అరచెయ్యి ఎత్తి, నెమ్మదని సైగ చేసేది.

మిగతా వాయిద్యాలతో కలవడం లేదని మీ దెబ్బలన్నీ కంప్యూటర్లో సమానంగా సర్దేశాను. పోయిన నెల అది విని పెద్దమ్మ, "ఎవరో గాని బాగా కొట్టేరు నాన్నా. మరి మీ పెదనాన్నగారిదేదీ?" అంది.

ఇంటికొచ్చి ఆ సర్దుబాటంతా తీసేశాను. ఈసారి డప్పుల్నీ, పిల్లనగ్రోవినీ మీ వేగానికే లాక్కొచ్చాను. నెల్లాళ్ళూ దానికే సరిపోయింది. మధ్యలో మీ మీద విసుక్కున్నాను కూడా.

ఇవాళ ఆ ట్రాక్ చివరికొస్తుంటే పెద్దమ్మ తలెత్తింది. స్పీకరు వైపు అరచెయ్యి చూపించి, "నెమ్మదండీ, నెమ్మది" అంది.

మీరు ఎప్పటిలాగే వినలేదు.