బంపరు నలుపు

అక్కా,

ఎలా ఉన్నావని అడగను. కోపంగా ఉన్నావని తెలుసు. నేనూ కోపంగానే ఉన్నాను, సరికి సరి. ఫోన్ చేయొచ్చు గానీ, ఫోన్లో నువ్వు నా మాట పూర్తవనివ్వవు. ఉత్తరానికైతే అడ్డు తగల్లేవు కదా! అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు షాపు సంగతి. నువ్వు మీ అన్నయ్యగారింటికి వెళ్లావని కార్లు కడిగించుకోవడం ఎవరూ మానలేదు. బావగారు గేటు దగ్గర నిలబడి బళ్లు లోపలికి పంపిస్తున్నారు. మీ మరిది నీళ్ల పైపు పట్టుకుని బండితో పాటు తనూ స్నానం చేస్తున్నాడు. బంపర్లు, అద్దాల తొడుగులు, చక్రాల మీది అంచులు, నల్ల ప్లాస్టిక్ అన్నది ఎక్కడుంటే అక్కడ చెయ్యి నాదే. నువ్వు బంపర్లకి పూసే నూనె సీసా అటకెక్కించాను. చెప్పకుండా చేశానంటావేమో, ఇదిగో చెబుతున్నాను.

ఆ నూనె పూస్తే బండి మన గేటు దాటేవరకూ తళతళే. వానొస్తే కారిపోతుంది, రాకపోతే వీధిలో దుమ్మంతా నెత్తిన పెట్టుకుంటుంది. పైన పటారం, లోన లొటారం. ప్లాస్టిక్‌ని తెల్లబరిచేది ఎండ. ఎండని ఆపేది పూయాలి గానీ జిడ్డు పూస్తే ఏం లాభం? నేను సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి గరుకు సందుల్లో మట్టీ, పాత జిడ్డూ వదలగొడుతున్నాను. నీడలో బాగా ఆరనిచ్చి, ఎండ నుంచి కాపాడే మందు స్పాంజితో పల్చగా రాసి, మిగిలింది పొడిబట్టతో తీసేస్తున్నాను. బండి రంగుకి పట్టించే మైనం ప్లాస్టిక్ మీద పడి తెల్లమచ్చలు కట్టకుండా అంచులకి టేపు అతికిస్తున్నాను. ఎక్కడ నేర్చావే ఇదంతా అంటావు. నీ దగ్గరే! నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నువ్వు ఇలాగే చేసేదానివి. నువ్వు చేసిన బంపరు కొత్తదో పాతదో నాకు తెలిసేది కాదు. అలాంటి చెయ్యి ఎందుకిలా మారిందో నాకు అర్థం కాలేదు, అడిగే ధైర్యమూ చాలలేదు.

ఇక అసలు మాట. ఆ రోజు డ్రైవింగ్ మాస్టారి కారు ముందు నువ్వన్నది నేను మర్చిపోలేదు. శుభ్రంగా నల్లగా ఉన్న బంపరు మీద నువ్వు మళ్లీ నూనె పోస్తుంటే, "చాలక్కా, బాగానే ఉంది కదా" అన్నాను. నువ్వు నా చెయ్యి నెట్టేసి, "దీనికి కడగడమే వచ్చండీ, నలుపూ తెలుపూ దీనికేం తెలుసు" అన్నావు. ఆయన నవ్వాడు. బావగారూ నవ్వారు. వాన వెలిశాక ఆయనే నూనె చారలు పడ్డ కారు తీసుకొస్తే, తుడిచిందెవరు? కడగడమే వచ్చినది.

నువ్వు నన్ను తిట్టు, పడతాను. ఇంట్లో ఎన్నిసార్లు తిట్టలేదు! నలుగురిలో నా పనిని తీసిపారేశావు, అది పడను. నాకు చాలా బాధేసింది. కొత్త షోరూం వాళ్లు బళ్లు సిద్ధం చేసే పనికి రమ్మంటున్నారు. వస్తానన్నాను. సోమవారం నుంచి వెళ్తాను. మీ మరిదికి చెప్పాను, నీకు చెబుతున్నాను, బావగారికి నువ్వే చెప్పుకో. నా పని నాకొచ్చు అక్కా. ఆ సంగతి నువ్వు ఒప్పుకోవాలని ఎదురుచూసి చూసి విసుగొచ్చింది.

చెల్లెలు అని రాయబోయి ఆగాను.
నీ తోడికోడలు

*

ఏమే మొండిదానా,

నీ ఉత్తరం నేనే చదివాను. అందులో వింతేముంది అంటావు. వింతే. నెల కిందటైతే ఇంకెవరిచేతైనా చదివించుకునేదాన్ని.

నేను మా అన్నయ్య ఇంటికి అలిగి రాలేదు. కంటికి ఆపరేషన్ చేయించుకోవడానికొచ్చాను. రెండు కళ్లలోనూ శుక్లాలట, ఈ వయసుకే. చాన్నాళ్లుగా అంతా పొగమంచులో ఉన్నట్టే ఉండేది. నువ్వు నల్లగా ఉందన్న బంపరు నా కంటికి బూడిద రంగే. నలుపు ఇంకా తేలలేదనుకుని నూనె పోసేదాన్ని, మళ్లీ పోసేదాన్ని. ఆ రోజు నువ్వు బాగానే ఉంది అనగానే నాకు భయమేసింది. అది నల్లగా ఉంటే మరి నాకెందుకు కనిపించడం లేదు? ఆ భయమే నీ మీద అరుపై పడింది. మీ బావగారికి తెలిస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి, వచ్చేపోయే బళ్లు చూస్తూ ఉండమంటారు. చూడటానికి కళ్లెక్కడున్నాయి నాకు? అందుకే నోరు మెదపలేదు.

కట్టు విప్పాక ఇంటికి తీసుకెళ్లడానికి అన్నయ్య జీపు తెచ్చాడు. నన్ను తీసుకెళ్లడానికి మన షాపుకొచ్చినప్పుడు నా చేత్తో నూనె పట్టించిన జీపే. చూశానే! దుమ్ము గడ్డకట్టి, చారలు చారలుగా, ఎవరో పిండి చల్లినట్టుంది. ఆసుపత్రి ముందే నిలబడి నవ్వాను, తర్వాత ఏడ్చాను. అన్నయ్య, "ఏడవకే, కుట్లు ఊడతాయి" అని కంగారుపడ్డాడు. మర్నాడు నన్ను వంగొద్దన్నారని కుర్చీలో కూర్చుని, మా వదిన చేత సబ్బుతో ఆ జిడ్డంతా తీయించాను. ఆవిడ మంచి మనిషి గానీ బ్రష్ పట్టడం రాదు. నువ్వుంటే బాగుండేదని పదిసార్లు అన్నాను. ఆవిడకి విసుగొచ్చి, "అయితే ఆ అమ్మాయినే పిలుచుకో" అంది.

షోరూం వాళ్లకి ఫోన్ చేశాను. తిట్టుకోకు, నిన్ను మాన్పించమని చెప్పలేదు. మా చెల్లెలు మీ దగ్గర చేరితే నన్నూ చేర్చుకోండి, దాని చేతికింద పని చేస్తాను అన్నాను. మేనేజరు నవ్వాడు. నవ్వనీ. నేను నిజంగానే అన్నాను. నువ్వెక్కడుంటే నేనక్కడ, కావాలంటే షాపు మగవాళ్లిద్దరికీ వదిలేద్దాం, ఒకళ్లనొకళ్లు కడుక్కుంటారు.

వెళ్తే వెళ్లు, నీ పనితనానికి ఆ చోటు తగినదే. వెళ్లినా ఉన్నా, ఈ ఆదివారం పొద్దున నేను బస్సు దిగుతాను. ఆదివారమైతే మన దగ్గర బళ్లు బారులు తీరి ఉంటాయి, జనం ఉంటారు. ఆ మాట అన్నది నలుగురిలో, దిద్దుకునేదీ నలుగురిలోనే. మీ బావగారి ముందు మరీ గట్టిగా చెబుతాను.

ఒకటే కన్ను బాగైందే. రెండోదానికి ఇంకా టైముంది, అందాకా రెండు కళ్లూ రెండు రంగులు చెబుతున్నాయి, ఏది నమ్మాలో తెలియడం లేదు. నువ్వు పక్కన నిలబడు. నువ్వు నల్లగా ఉందంటే చెయ్యి ఆపేస్తాను.

నువ్వు చెల్లెలని రాయకపోయినా,
నీ అక్క