మా అప్పలకొండది జంగ్లీఘాటే

క్రీడల అధికారి గణేశ్వరరావు గారి సముఖమునకు,
జంగ్లీఘాట్ జెట్టీ దగ్గర తాళ్లు, వలలు, గేలాలు అమ్ముకునే జోగులు రాసుకునే అర్జీ.

అయ్యా,

గణేశ్వరరావు గారూ, బాగున్నారా? తమరు ఈ కుర్చీలోకి వచ్చి ఐదు నెలలైంది. షాదీపూర్ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాణ్ణి, ఇప్పటిదాకా పలకరింపుగా నాలుగు ముక్కలు రాయలేదు. ఆలస్యానికి మన్నించాలి. మూడుసార్లు స్వయంగా వచ్చాను. మీ గేటు దగ్గరాయన "సాబ్ మీటింగ్‌లో ఉన్నారు భయ్యా, ఏదైనా ఉంటే కాగజ్ మీద రాసిచ్చేయ్" అన్నాడు. అందుకని షాపులో గిరాకీ చూసుకుంటూనే ఫోనులో టైపు చేస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

విషయం: జాతీయ జిమ్నాస్టిక్స్ పోటీలకు మన అండమాన్ దీవుల తరఫున నా మేనల్లుడు అప్పలకొండ పేరు పంపుట గురించి. గడువు ఈ నెల ఇరవై.

1. సదరు అప్పలకొండ, తండ్రి పోలిరాజు, చేపల వేట, పుట్టింది పెరిగింది జంగ్లీఘాట్‌లోనే. వయసు ఇరవై ఏడు. రింగ్స్ అనే అంశంలో రెండుసార్లు జాతీయ ఛాంపియన్. పైనుంచి వేలాడే రెండు కడియాలు పట్టుకుని, చేతులు బారచాపి, కాలు నేలకి తగలకుండా గాలిలో కదలకుండా నిలవాలి. మీకు తెలియదని కాదు, ఫైలు చూసే గుమస్తా గారి కోసం రాస్తున్నాను. పోయిన వారం ఆయన వాణ్ణి ఎగాదిగా చూసి "నువ్వు జూడో వాలావా?" అన్నారు.

2. వాడి మొదటి రింగులు చాతం కలప కోత మిల్లులో పనిచేసే యర్రయ్య పడౌక్ చెక్కతో నున్నగా చెక్కి ఇచ్చాడు. తాళ్లు నా షాపువి. పడవలు బాగుచేసే షెడ్డు దూలానికి కట్టాం. కింద వేయడానికి పరుపు లేదు, పాత వలలు కుప్పపోశాం. వలల్లోకి దూకితే కాళ్లు మోకాళ్ల దాకా దిగిపోయి అక్కడే నిలబడిపోతాయి. మెయిన్‌లాండ్‌లో మొదటిసారి గట్టి పరుపు మీద దూకేసరికి బంతిలా ఎగిరి రెండడుగులు ముందుకు పోయాడు. మార్కులు కోసేశారు. ఆ వలల అలవాటు మాన్పించడానికి అక్కడి కోచ్‌కి రెండేళ్లు పట్టింది. అలా తయారైన ఛాంపియన్ అండీ వాడు.

3. అప్పటిదాకా విశాఖలో ఉండి ఆంధ్రా తరఫున ఆడినవాడు, తండ్రికి సముద్రం మీదికి వెళ్లే ఓపిక పోయాక, మూడేళ్ల కిందట ఇంటికి వచ్చేశాడు. సాయంత్రాలు అదే షెడ్డులో పదకొండు మంది పిల్లలకి నేర్పుతూ తనూ సాధన చేస్తున్నాడు. ఆంధ్రా వాళ్లు "నువ్వుండేది అండమాన్‌లో, అక్కడి నుంచే ఆడు" అని, తమ జట్టు నుంచి వదిలేస్తున్నట్టు రిలీజ్ లెటరు ఇచ్చారు. అది పట్టుకుని తమ ఆఫీసుకు వస్తే వచ్చిన జవాబు: "ఇతర రాష్ట్ర క్రీడాకారుడైనందున ఎంపిక చేయుటకు వీలుపడదు."

వాళ్లమ్మ, అంటే మా చిన్నక్క సీతాలు, ఆ కాగితం చదివించుకుని వచ్చి నా షాపులో కూలబడింది.

"ఆడు బయటోడైతే మరి నానెవుల్నిరా జోగులూ? ఇక్కడే కన్నాను కదేటి! విశాపట్నంలో ఆడిని 'ఒరే అండమానూ' అని పిలిసీవోరంట. ఈళ్లేమో ఆంధ్రావోడంటన్నారు. మరెక్కడోడు, ఓడలో పుట్టాడేటి?"

జవాబు నాకు తెలుసు. గిరాకీ పిలిచినట్టు లేచి తాళ్లు కొలవసాగాను.

వాడేమో "వదిలెయ్ మావా, పిల్లలకి నేర్పుకుంటాను, చలేగా" అంటాడు. అనేసి షెడ్డుకెళ్లి రింగుల మీద చేతులు బారచాపి శిలువలా నిలుస్తాడు. ఎడమ భుజం వణుకుతుంది. వచ్చే ఏడాదికి ఆ భుజం ఆగదు. ఆడితే ఈసారే ఆడాలి.

4. ఇది రాయడానికే పై మూడూ రాశాను. వాడికి పన్నెండేళ్లప్పుడు మెయిన్‌లాండ్‌లో సెలక్షన్ పోటీ సోమవారమైతే పిలుపు ఉత్తరం ఓడ దిగి గురువారం వచ్చింది. మరుసటి ఏడాదీ అంతే. మూడో ఏడు ఫారం నింపింది నేను. చిరునామా దగ్గర విశాఖలో ఉన్న మా పెద్దక్క కామమ్మ ఇల్లు రాశాను. ఉత్తరం వేళకి అందుతుంది, అక్క ఫోన్ చేస్తుంది, వాణ్ణి ఓడెక్కిస్తాను, అంతే అనుకున్నాను. తొందర కాగితానికి మెయిన్‌లాండ్‌లో చుట్టాల ఇల్లు రాయడం ఇక్కడ అందరం చేసేదే. తమరి డిగ్రీ హాల్‌టికెట్ కూడా వాల్తేరులో మీ పిన్నిగారింటికే వచ్చింది, గుర్తుందా?

ఆ ఇంటిని బట్టే వాడు ఎవరి తరఫున ఆడాలో రాసేస్తారని నాకు తెలియదు. మొదటి మెడల్ వచ్చిన రోజు పేపర్లో "విశాఖ కుర్రాడు" అని పడింది. "మన కుర్రాణ్ణి లాగేసుకున్నారు చూడు" అని జంగ్లీఘాట్ అంతా తిడుతుంటే నేనూ కలిసి తిట్టాను. పదమూడేళ్లుగా తిడుతూనే ఉన్నాను.

కావున తప్పు ఫారం నింపిన నాదే గానీ క్రీడాకారునిది కాదని గమనించి, జతపరచిన స్కూలు సర్టిఫికెట్టు, రేషను కార్డు, రిలీజ్ లెటరు చూసి, వాడి పేరు పంపించ ప్రార్థన. పాత ఫారం మీద చేతిరాత నాదేనని ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. ఇరవైలోగా చిత్తగించవలెను, ఇరవై ఒకటిన చిత్తగిస్తే మాకు పనికిరాదు.

ఇట్లు,
తమ విధేయుడు, మీ పక్క బెంచీ వాడు,
జోగులు

తా.క.: గణేసూ, నాలుగో నంబరు సంగతి అప్పలకొండకి ఇంకా తెలీదురా. ఈ అర్జీ ఫైల్లోకి వెళ్లిందంటే ఎవరో గుమస్తా నోట వింటాడు. అలా వినకూడదు, నేనే చెప్పాలి, అందాకా దీన్ని నీ దగ్గరే ఉంచు. ఇంట్లో సీతాలు ముందు నోరు పెగలడం లేదు. నీ ఎదురుగా వాణ్ణి కూర్చోబెట్టుకుని చెప్తాను. తిడితే తిడతాడు, కొడితే పడతాను, అయితే నువ్వు అప్పటికప్పుడు ఆ తప్పుని సరిచేసే దారి చూపించాలి. పొద్దునపూటైతే వాడు ఖాళీ. మేమిద్దరం ఎప్పుడు రమ్మంటావు?