బర్రెకు లారీ, అవ్వకు బస్సు

ఆత్మకూరు, 2-7-1978

అవ్వకు నమస్కారాలు.

బళ్ళో ఉద్యోగం బాగానే ఉంది. అద్దె ఇల్లే మరీ పెద్దది. వండుకుని, గోడను చూస్తూ ఒక్కదాన్నే తింటున్నాను. నువ్వొచ్చి నాతో ఉండు. రహమతుల్లా మామ లారీ శనివారాలు ఉదయగిరిలో ఎరువులు దించి ఖాళీగా తిరిగొస్తుంది. "అవ్వనూ, ఆమె బర్రెనూ ఎక్కించుకొస్తాలే పాపా" అన్నాడు.

నీ మనవరాలు
హన్నమ్మ

తా.క. వీధికుక్కను పిలిచి పప్పన్నం పెట్టాను. ఆ రోజు నుంచి మా వీధిలో కనపడలేదు.

ఉదయగిరి, 6-7-1978

చిరంజీవి హన్నమ్మను దేవుడు కాపాడుగాక.

ఆ లారీని సరుకుల బండి అని రిజిస్టరు చేసి ఉంటారు. సరుకుల బండిలో మనుషులు ప్రయాణం చేయకూడదు. మనుషులకు బస్సు ఉంది. అందులో బర్రె ఎక్కకూడదు. చట్టం రాసినవాళ్ళు మా ఇద్దరినీ కలిపి ఆలోచించలేదు.

ఇట్లు
లిదియమ్మ

తా.క. పప్పు ఉడికిన తరువాతే ఉప్పు వేయాలి. కుక్క తప్పేమీ లేదు.

ఆత్మకూరు, 10-7-1978

అవ్వకు,

అయితే బర్రెను లారీలో పంపి నువ్వు బస్సులో రా. లేదా దాన్ని అమ్మేయి. మామేమో, "దుప్పటి కప్పుకొని వెనక కూర్చోమను, ఎవుడు చూడొచ్చినాడు?" అంటున్నాడు. నా దగ్గర ఉండటం ఇష్టం లేకపోతే ఆ మాటే రాయి. చట్టం చాటున దాక్కోవడమెందుకు? ఇక పిలవను.

హన్నమ్మ

తా.క. ఇవాళ హాజరు తీసుకుంటూ నీ పేరు పిలిచాను. క్లాసంతా నవ్వింది.

ఉదయగిరి, 13-7-1978

చిరంజీవి హన్నమ్మకు,

ఇన్నేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని, దుప్పటి కప్పుకుని పోలీసును మోసం చేయలేను. బర్రెను ఒంటరిగానూ పంపలేను. నువ్వు పోయినప్పటి నుంచి అది కుడితి సగంలోనే వదిలేస్తోంది. ఇలాంటివి నేను ఉత్తరాల్లో రాయను. బర్రె సంగతి కాబట్టి రాశాను.

నిన్న బండ్లు తనిఖీ చేసే బ్రేకు ఇన్‌స్పెక్టరు మా ఊరొస్తే, రోడ్డు మీదే నిలబెట్టి అడిగాను. "సరుకు సొంతదారయితే డ్రైవరు పక్కన కూర్చోవచ్చు, ఇంక నన్ను పోనీమ్మా" అన్నాడు. బర్రె సరుకు. నేను సొంతదారును. వచ్చే శనివారం వస్తున్నాము. పేడ తీయడం నీ పని.

నీ అవ్వ
లిదియమ్మ

తా.క. తిరిగి పోవాలంటే మళ్ళీ బర్రెను లారీ ఎక్కించాలి. ఒకసారికే నలుగురు పట్టాలి, రెండోసారి అది ఒప్పుకోదు. అందుకని నా మంచం, పెట్టె కూడా తెస్తున్నాను.