మెడలోదా, చెవిలోదా

చిట్టీ,

శాటిలైట్‌తో దారి చెప్పే ఆ రెండు మెషిన్లలో ఒకటి సాయంత్రంలోగా షాపుకి తిరిగిచ్చేయాలి. మెడలో వేసుకునేదో, చెవిలో పెట్టుకునేదో నువ్వే తేల్చు. ఒక్కోటీ పెట్టి మీ నాన్నని బస్టాపు దాకా ఒంటరిగా నడవనీ. నువ్వు వెనకాలే ఉండు, కానీ చప్పుడు చేయని చెప్పులు వేసుకో. ఆయన తిరిగేదాకా నువ్వు తిరగకు.

నాలుగు రోజులు నేనే వెనక నడిచి, చూపు లేని మనిషి ఒక్క మలుపూ తప్పలేదని మురిసిపోయాను. తీరా నిన్న నాన్న చల్లగా చెప్పారు: "మెషిన్ మాట ఎవరు విన్నారే! మలుపు రాగానే నీ చెప్పులు కంగారుగా ముందే అటు జరిగేవి. నేనూ అటే తిరిగేవాణ్ణి."

నాకు ఇవాళ కూడా రోజంతా నిలబడే డ్యూటీ.

మర్చిపోయా. రెండూ వద్దు, మీ అమ్మ చాలంటారు. కరిగిపోకు. నిన్న నేను కరిగిపోయి మళ్ళీ ఆయన వెనకే నడిచాను, ఇవాళ కాళ్ళ నొప్పులకి అడుగు పడట్లేదు.