జెబా చెప్పిన స్వీకృతం

జనవరి 11

పెనుబల్లి నుంచి జెబా వాళ్ళన్న వచ్చాడు. చాయ్ తాగాడు, బిస్కెట్ ముట్టలేదు. ఏదో మాట మోసుకొచ్చాడని అప్పుడే అర్థమైంది. వేంసూరులో అబూబకర్ అని ఉన్నాడట. బోరు మోటార్ల రివైండింగ్ షాపు. భార్య పోయింది, పిల్లలు లేరు. మనిషి నెమ్మది అన్నాడు. చెల్లెలి రెండో పెళ్ళి మాట ఆమె అత్తగారింట్లోనే ఎత్తాలంటే ఎంత నలిగి ఉంటాడో నేను చూడకపోలేదు.

ఖాజీ సాబ్‌ను కూడా అడిగి వచ్చాడట. మనిషి తప్పిపోయి నాలుగేళ్ళు దాటితే చనిపోయినట్టు అనుకోవచ్చు అన్నారట. ఇద్దత్, అంటే భర్త పోయినవాళ్ళ నాలుగు నెలల పది రోజుల గడువు, కూర్చుంటే ఆ తరువాత జెబాకు దారి దొరుకుతుందట.

అనుకోవచ్చు అంట. నా కొడుకు హఫీజ్‌ను.

నా కోడలు జెబా వంటింట్లోంచే జవాబు చెప్పింది. అమ్మీ నోటితోటి చెప్పాలె, అమ్మీ బతికున్నడు అన్నన్ని దినాలు నేను ఆయన భార్యనే అంది. వాళ్ళన్న నా వైపు చూశాడు. నేను కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళాను.

జనవరి 12

కప్పులు కడగలేదు. జెబా కూడా కడగలేదు.

జనవరి 19

ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం గానీ నాకు రాయడం తెలుగొక్కటే వచ్చు. అది కూడా ఐదో క్లాసు వరకే. తప్పులుంటే ఉండనీ, చూసేవాళ్ళెవరు.

నాలుగేళ్ళు దాటింది. ఆ రోజు వాన కాస్త ఆగిందని హఫీజ్ ట్రాలీ ఆటోలో ప్లాస్టిక్ బకెట్లు వేసుకుని అడవి ఊళ్ళ సంతకు బయలుదేరాడు. వాగు పొంగింది. ఆటో దొరికింది. బకెట్లు కింది ఊళ్ళవాళ్ళకు దొరికాయి. హఫీజ్ దొరకలేదు. ఈతగాళ్ళు వెతికారు, పోలీసులు వెతికారు, డ్రోన్ ఎగరేశారు. చెప్పు కూడా దొరకని మనిషిని పోయాడని ఎట్లా అనాలి?

వాడి నెంబర్ పోకూడదని నెలనెలా రీచార్జ్ చేయిస్తాను. మా ఆయన మక్సూద్ జూలూరుపాడు సెంటర్లో కుక్కర్లు రిపేర్ చేస్తాడు. షాపు కట్టేసి వస్తూ ఆయనే చేయించుకొస్తాడు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

జనవరి 23, సాయంత్రం

జెబా స్కూల్లో మాథ్స్ టీచర్. ఇంటి దగ్గర తొమ్మిదో క్లాసు పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. ఇవాళ పాఠం పేరు స్వీకృతాలు. రెండు చుక్కల మీదుగా ఒకే ఒక సరళరేఖ గీయగలం, ఇది ఒప్పుకోండి అంది.

తండా నుంచి వచ్చే సంగీత నోరు ఊరుకోదు. మేం ప్రూఫ్ రాయకుంటే మార్కులు కోస్తరు, మీరేమో ఊకనే ఒప్పుకోమంటరు, ఇదేం న్యాయం టీచర్ అంది. పిల్లలంతా నవ్వారు. జెబా కూడా నవ్వింది. ఆ నవ్వు ఎట్లా ఉంటుందో నేను మరిచిపోయాను.

దీనికి ప్రూఫ్ లేదే తల్లీ అంది జెబా. ప్రతిదానికీ ప్రూఫ్ అడుక్కుంట పోతే మొదలేడ? ఒకటి ఒప్పుకుంటెనే దాని మీద రెండోది నిలబడ్తది.

నేను లోపలి నుంచే అడిగేశాను, ఒప్పుకున్నది తప్పయితేనో అని. పిల్లలు ఇటు తిరిగారు. జెబా తిరగలేదు. బోర్డు వైపే చూస్తూ, తప్పని తేలితే దాని మీద కట్టినవన్నీ మళ్ళ చూసుకోవాలె అమ్మీ అంది. తేలేదాక ఆగుదామంటే మాత్రం ఒక్క లెక్క గాదు.

ఆమె చేతిలో చాక్‌పీస్ విరిగింది.

ఫిబ్రవరి 2

ఆ మాటే తిరుగుతోంది. నేను కూడా ఒకటి ఒప్పుకునే బతుకుతున్నాను. హఫీజ్ ఉన్నాడు. దానికి ప్రూఫ్ లేదు. కానీ దాని మీద ఎన్ని కట్టాను! ఉన్నాడు కాబట్టి జెబా మెడలో నల్లపూసల లచ్చా ఉండాలి. ఉన్నాడు కాబట్టి పెళ్ళిళ్ళలో తెలియనివాళ్ళు నీ కొడుకు రాలేదా అంటే పని మీద పోయాడు అంటాను. నా లెక్కలో అది అబద్ధం కాదు. పక్కన జెబా కంచంలోకి చూస్తూ కూర్చుంటుంది.

పక్కింటి సైదమ్మ ఇవాళ అనేసింది. కొడుకును బతికించుకోనీకె కోడల్ని పాతిపెడ్తున్నవ్ వదినా అంది. తలుపు వేసేశాను.

ఫిబ్రవరి 13, షబ్-ఎ-బరాత్

పోయినవాళ్ళ పేర్లు చెప్పి ఫాతెహా ఇచ్చే రోజు. ఇంట్లో ఎప్పుడూ మా ఆయనే చదువుతాడు. ఈసారి జ్వరం. మసీదు నుంచి పేష్ ఇమాం సాబ్‌ను పిలిపించాం. శనగపప్పు హల్వా ముందు పెట్టాను. ఆయన పేర్లు అడగలేదు, గుర్తున్నవే చదువుతూ పోయాడు. మా మామ. మా అత్త. హఫీజ్.

ఈ పేరు ఎవరిచ్చారు అన్నాను. పాపం, బెదిరిపోయాడు. ఏటా కబరస్తాన్ల మక్సూద్ భాయే ఇస్తడు గదమ్మా అన్నాడు. మా ఆయన దుప్పట్లో గోడ వైపు తిరిగాడు.

ఇమాం సాబ్ వెళ్ళేదాకా ఆగాను. తరువాత ఆగలేదు. నెంబర్‌కు రీచార్జ్ చేయించేదీ నువ్వే, చచ్చినోళ్ళల్ల కలిపేదీ నువ్వేనా అని అరిచాను. మా ఆయన లేచి కూర్చున్నాడు. నీకు ఉన్నడు, నాకు లేడు ఇమాంబీ అన్నాడు. నీ దానికి నేను అడ్డం రాలే, నా దాంట్లకు నిన్ను గుంజలే. నేను గూడ దువా చెయ్యకపోతే పోరనికెవడు చేస్తడు?

ఏడ్చాడు. వాగు దగ్గర కూడా ఏడవని మనిషి.

ఫిబ్రవరి 14

ఒకే ఇంట్లో ఒకరు ఒకటి, ఇంకొకరు దానికి ఎదురుది ఒప్పుకుంటే ఏమైతదే అని జెబాను అడిగాను. ఆమె ఉల్లిగడ్డలు కోస్తోంది. లెక్కల్ల గూడ అట్లాంటిది ఉంది అమ్మీ అంది. ఎన్కట ఒక స్వీకృతాన్ని మార్చి వేరే గణితమే కట్టిన్రు. పాతదీ కూలలే, కొత్తదీ కూలలే.

మరి ఏది నిజమన్నాను. ఏ పనికి ఏది పనికొస్తే అది తీసుకుంటరు అంది.

నీకేది పనికొస్తదే అన్నాను.

కత్తి ఆగింది. నాకు ఇరవై తొమ్మిదేండ్లు అమ్మీ అంది.

మా ఆయన లెక్క నిలబడింది. నా లెక్కా నిలబడింది. మధ్యలో ఈ పిల్లకు నిలబడే చోటే లేదు.

ఫిబ్రవరి 20

ఖాజీ సాబ్ ముందు చెప్పాను. నా కొడుకు పోయిండు అన్నాను. చూసినవా అమ్మా అన్నాడు. లేదు. ఎవరన్న చూసిన్రా? లేదు. మరెట్ల చెప్తున్నవ్ అన్నాడు. ఒప్పుకుంటున్న అన్నాను. ఆయన రాసుకున్నాడు.

ఇంటికొచ్చాక జెబా మెడలో లచ్చా నేనే తీశాను. నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకు రాలేదు.

జూలై 3

ఇద్దత్ అయిపోయింది. రేపు వాళ్ళన్న వచ్చి జెబాను తీసుకుపోతాడు.

హఫీజ్, నువ్వు గనుక వస్తే, ఒప్పుకున్నది నేను. జెబాను ఏమీ అనకు. నన్నడుగు.